టేకు మెట్లు, టేకు ఫ్లోరు: గుంటూరు డ్యూప్లెక్స్ పని డైరీ

ఇల్లు గుంటూరులో, కొత్త కట్టడం. కింది హాల్లో విట్రిఫైడ్ టైల్స్ వేయడం అయిపోయింది. పైన 5 అడుగుల వెడల్పు కారిడారు, రెండు బెడ్‌రూములు. మొత్తం 402 చదరపు అడుగులకు చెక్క ఫ్లోరు. మధ్యలో ల్యాండింగ్ దగ్గర వెనక్కి తిరిగే ఆర్‌సీసీ మెట్లు, వాటికి టేకు తొడుగు. ప్లాస్టరింగ్, మొదటి కోటు పెయింటు, కిటికీ అద్దాలు పూర్తయ్యాకే ఈ పని మొదలైంది. తడి పనులు నడుస్తున్న ఇంట్లోకి చెక్క రాకూడదు.

మెట్లూ ఫ్లోరూ కలవాలి అనగానే అందరూ రంగు గురించే అడుగుతారు. రంగు చివర్లో చూసుకునే సంగతి. ముందు ఎత్తు కలవాలి, తర్వాత చెక్క సాగి కుంచించుకునే తీరు కలవాలి, ఆ తర్వాత పాలిష్ మెరుపు. ఈ మూడూ తేలేది ఒక్క పలక దగ్గరే: చివరి మెట్టు ఎక్కి కారిడార్లో కాలు పెట్టే చోట ఉండే పై నోసింగ్ పలక (నోసింగ్ అంటే మెట్టు ముందుకు పొడుచుకొచ్చే అంచు). లెక్క అక్కడ ఖాయం చేసుకుని కిందికి దిగాలి. కింది నుంచి ఒక్కో మెట్టూ వేసుకుంటూ పైకి పోతే, మిగిలిన తేడా అంతా చివరి మెట్టులో తేలుతుంది.

డిసెంబరు: కొలతలు

లేజర్ లెవెల్‌తో గోడ మీద ఒక అడ్డగీత కొట్టి, ప్రతి మెట్టు పైభాగం ఎంత దూరంలో ఉందో గీత నుంచే కొలిచారు. మెట్టుకి మెట్టు టేపు పెట్టి కొలిస్తే చిన్న చిన్న తప్పులు కూడుకుపోతాయి. లేజర్ లేకపోతే నీళ్ల గొట్టం మట్టమూ సరిపోతుంది.

తేలిన లెక్క: కింది టైలు పైభాగం నుంచి పై అంతస్తు వట్టి స్లాబు దాకా 3150 మి.మీ. మొత్తం 20 రైజర్లు, అంటే మెట్టుకీ మెట్టుకీ మధ్య నిలువు ముఖాలు. మొదటిది 118 మి.మీ. మాత్రమే, ఎందుకంటే కింద టైల్స్, వాటి బెడ్డు కలిసి ఆ ఎత్తును తినేశాయి. చివరిది 162. మధ్యలో 18 రైజర్ల సగటు 159.4, కానీ విడివిడిగా చూస్తే 151 నుంచి 167 దాకా ఉన్నాయి. పోత మెట్లలో ఈ మాత్రం తేడా మామూలే. కాంక్రీటు మీద ఇది కంటికి ఆనదు. చెక్క వేశాక నోసింగ్ గీతలు స్పష్టంగా కనబడతాయి కాబట్టి తేడా కంటికీ, కాలికీ రెండింటికీ తెలుస్తుంది.

పై ఫ్లోరు మందం ముందే ఖాయం కావాలి. ఇక్కడ 12 మి.మీ. ప్లైవుడ్, 2 మి.మీ. జిగురు, 18 మి.మీ. టేకు పలక, మొత్తం 32. అప్పుడు పూర్తయిన ఎత్తు 3182. దాన్ని 20తో భాగిస్తే ఒక్కో రైజరు 159 మి.మీ. మెట్టు లోతు, అంటే నోసింగ్ నుంచి నోసింగ్‌కి, 280. రెండు రైజర్లూ ఒక మెట్టు లోతూ కలిపితే 598. 600కు అటూ ఇటూ ఉంటే ఎక్కడం హాయిగా ఉంటుంది. నేషనల్ బిల్డింగ్ కోడ్ నివాస గృహాలకు రైజరు 190 మి.మీ. మించకూడదనీ, మెట్టు లోతు 250కి తగ్గకూడదనీ చెబుతుంది. ఆ హద్దుల్లోనే ఉన్నాం.

ఈ లెక్క వేయకుండా, ఉన్న కాంక్రీటు మీద అన్ని మెట్లకూ ఒకే మందం పలక అతికిస్తే ఏమవుతుందో చూడండి. పలక 25, జిగురు 2, కలిపి 27. మధ్య మెట్లన్నిటికీ అంతే మందం చేరుతుంది కాబట్టి అక్కడ ఎత్తు మారదు. మొదటి రైజరు 118కి 27 చేరి 145 అవుతుంది. చివరిది 162కి పై ఫ్లోరు 32 కలిసి, కింది మెట్టు 27 పోయి 167 అవుతుంది. కింద 14 మి.మీ. తక్కువ, పైన 8 మి.మీ. ఎక్కువ. ఎక్కేవాళ్ల కాలు మొదటి రెండు మెట్లలోనే ఎత్తును పట్టేసుకుంటుంది, తర్వాత కళ్లు చూడవు. అందుకే పడేది ఎక్కువగా మొదటి మెట్టు దగ్గరో చివరి మెట్టు దగ్గరో. పక్కపక్క రైజర్ల మధ్య తేడా 3 మి.మీ. లోపు ఉండాలన్నది ఈ పనిలో పెట్టుకున్న లక్ష్యం. 5 దాటితే ఆ మెట్టు విప్పి మళ్లీ వేయాల్సిందే.

కాబట్టి పూర్తయిన ఎత్తుకు 159, 318, 477... అని గోడ మీద గీతలు గీసి, ఒక్కో కాంక్రీటు మెట్టు తన గీతకు ఎంత కిందికి ఉందో రాసుకున్నారు. మొదటి మెట్టుకు 41 మి.మీ. ఖాళీ, పందొమ్మిదో మెట్టుకు 35. మధ్యవి ఎక్కువతక్కువలుగా ఉన్నాయి. అందులో 27 పలకకూ జిగురుకూ పోగా మిగిలింది మోర్టార్‌తో నింపాలి. 14వ మెట్టు దగ్గర మాత్రం ఖాళీ 22 మి.మీ. మాత్రమే.

సంక్రాంతి ముందు: చెక్క

ఫ్లోరుకు, మెట్లకు ఒకే లాటు టేకు తీసుకోవాలన్నది మొదటి నిర్ణయం. అడితిలో ఒకే రోజు, ఒకే కుప్పలోంచి ఏరాలి. మెట్లకు ఇప్పుడు, ఫ్లోరుకు తర్వాత అనుకుంటే రెండో లాటు రంగు, రేఖలు వేరుగా వస్తాయి. ఏ స్టెయినూ (చెక్కకు పూసే రంగు) దాన్ని పూర్తిగా కలపలేదు.

మన అడితీల్లో దొరికేవి ప్రధానంగా మూడు రకాలు. బల్లార్షా వైపు నుంచి వచ్చే, అందరూ నాగపూర్ టేకు అనే అడవి టేకు. పాత నిల్వల పేరుతో అమ్మే బర్మా టేకు. ఆఫ్రికా, దక్షిణ అమెరికా తోటల నుంచి వచ్చే టేకు. మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి నిలిపేసింది కాబట్టి బర్మా అన్న మాట వినగానే ధర ఒప్పుకోకుండా పలక చూసి మాట్లాడాలి. తోట టేకు త్వరగా పెరుగుతుంది, అందులో తెల్లచెక్క, అంటే బెరడు పక్క ఉండే లేత చెక్క, ఎక్కువ. తెల్లచెక్కకు చెద పడుతుంది, చేవకు ఆ భయం తక్కువ. ఆఫ్రికన్ టేకు అని అమ్మేది కొన్నిసార్లు ఇరోకో అనే వేరే జాతి. చెడ్డ చెక్క కాదు గానీ అసలు టేకు పక్కన వేస్తే రెండూ వేర్వేరు తీరున నల్లబడతాయి. ఈ ఇంటికి నాగపూర్ టేకు తీసుకున్నారు.

కావాల్సిన చెక్క లెక్క ఇలా వచ్చింది. ఫ్లోరు పలక 18 మి.మీ. మందం, 85 మి.మీ. కనిపించే వెడల్పు, అందుకు కోత 25 మి.మీ. మందం, 100 మి.మీ. వెడల్పు ఉండాలి. 402 చదరపు అడుగులకు నికరంగా 23.7 ఘనపుటడుగులే అయినా, చిత్రికకూ, పలకలు ఒకదాంట్లో ఒకటి దూరే నాలుకకూ, గాడికీ పోయేది కలిపితే 38.8. పనికిరానివి ఏరేయడానికి 10 శాతం వేసుకుంటే 43. మెట్టు పలకలు 17, ఒక్కోటి 1080 పొడవు, 316 వెడల్పు, 25 మందం, 32 మి.మీ. కోతలో లెక్కేసి, చిత్రికకూ, అతుకులకూ పోయేది, ఏరివేతకు 15 శాతం కలిపితే 8.6. రైజర్లు 19, తయారయ్యాక 12 మి.మీ. మందం, 2.4. మధ్య ల్యాండింగ్ 26 చదరపు అడుగులు; 2.8. నోసింగ్ పలకలకు ఇంకో అర ఘనపుటడుగు. మొత్తం 57.3, అంటే 58 ఘనపుటడుగులు. మెట్టు పలకల్లో ఏరివేత ఎక్కువ ఎందుకంటే, ముందు అంచులో కన్ను గానీ తెల్లచెక్క గానీ ఉన్న బద్దను వాడకూడదు.

తేమ చూడకుండా చెక్క దింపుకోవద్దు. మీటరు ముళ్లు పలక కొసన గుచ్చితే తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే కొసలు ముందు ఆరిపోతాయి. కొస నుంచి కనీసం ఒక అడుగు లోపల గుచ్చాలి. వచ్చిన లాటులో 13 నుంచి 15 శాతం ఉంది. మనకు కావాల్సింది 10 నుంచి 12. గాలిలో తేమ 40 శాతం ఉన్నప్పుడు చెక్క ఏడున్నర శాతం దగ్గర స్థిరపడుతుంది, 80 శాతం ఉంటే 15 దాటుతుంది. మే నెల వడగాడ్పుల్లో ఒక కొస, తుపాన్ల కాలం అక్టోబరు, నవంబరుల్లో రెండో కొస అనుకుంటే, పరిచేటప్పుడు చెక్క వాటి మధ్యలో ఉండాలి. గుంటూరు, విజయవాడల్లో చెక్క ఫ్లోరు పరచడానికి సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఉండే కాలం అందుకే మేలు. మే నెలలో బిగించి పరిస్తే వానల్లో ఉబ్బి లేస్తుంది. కార్తీకంలో పరిస్తే ఎండాకాలానికి పలకల మధ్య సందులు పడతాయి.

పలకలను పై బెడ్‌రూములోనే పేర్చారు. నేలకు అంటకుండా కింద దుంగలు, వరసకీ వరసకీ మధ్య ఒకే మందం బద్దలు, బద్దలన్నీ పైనుంచి కిందికి ఒకే నిలువు గీతలో. బద్ద పక్కకు జరిగితే బరువుకు పలక అక్కడ వంగిపోయి, ఆ వంపుతోనే ఆరుతుంది.

సంక్రాంతి తర్వాత: మోర్టార్, గ్రానైట్, రెయిలింగ్ పాదాలు

14వ మెట్టులో ఉన్న ఖాళీ 22. పలకకు 27, మోర్టార్ నిలబడటానికి కనీసం 5, కలిపి 32 కావాలి. అందుకని పైభాగం 10 మి.మీ. చెక్కారు. మెట్టు పైభాగంలో ఈ మాత్రం చెక్కితే భయం లేదు, అసలు కమ్మీలు అడుగున వాలు స్లాబులో ఉంటాయి. ల్యాండింగ్ దగ్గర మాత్రం పైపొరలోనూ కమ్మీలు ఉంటాయి కాబట్టి ఇంజనీరును అడక్కుండా ఉలి పెట్టకూడదు.

ఎత్తు సరిచేయడానికి ప్లైవుడ్ ముక్కలు పేర్చడం చాలాచోట్ల చూస్తాం. 8 మి.మీ. ఒక చోట, 14 ఇంకో చోట అంటే ముక్కల మీద ముక్కలు పడతాయి, ఏదో ఒక మూల బోలుగా మిగులుతుంది, కొన్నాళ్లకు కిర్రుమంటుంది. పాలిమర్ కలిపిన రిపేరు మోర్టార్ మేలు. ఉత్త సిమెంటు, ఇసుక కలిపి 5, 8 మి.మీ. పలచగా వేస్తే పొరలుగా లేచిపోతుంది. దుమ్ము ఊడ్చి, తడిపి, బాండింగ్ కోటు పచ్చిగా ఉండగానే మోర్టార్ వేసి, అల్యూమినియం పట్టీతో గీతకు లాగారు. ముందుకూ వెనక్కూ, అటూ ఇటూ రసమట్టం పెట్టి చూశారు. వాటం ఏ వైపూ ఉండకూడదు; ఇది వాన పడే బయటి మెట్టు కాదు.

ల్యాండింగ్ మీద పరిచేది 18 మి.మీ. ఫ్లోరు పలక, మెట్ల మీద 25 మి.మీ. పలక. రెండూ ఒకే గీతకు రావాలి కాబట్టి ల్యాండింగ్ మోర్టార్ 7 మి.మీ. ఎక్కువ ఎత్తుకు లాగారు. అంచున నోసింగ్ కూర్చునే పట్టీ మాత్రం 7 మి.మీ. దిగువనే ఉంచారు. ఈ చిన్న గడప ఇప్పుడే వదలకపోతే తర్వాత నోసింగ్‌ను అడుగున చెక్కి పలచన చేస్తారు. అప్పుడు అది సరిగ్గా కాలు పడే చోట బలహీనపడుతుంది.

మొదటి మెట్టు చెక్కది కాదు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్, 20 మి.మీ. రాయి, 21 మి.మీ. బెడ్డు; మొత్తం సరిగ్గా 41. మన ఇళ్లలో రోజూ తడిగుడ్డ పెడతారు, పండగకు నీళ్లు పోసి కడుగుతారు. మొదటి రైజరు చెక్కదైతే అడుగంచు ఆ నీళ్లు పీల్చి ఏడాది తిరిగేసరికి నల్లబడుతుంది. చెద ఎక్కేదీ అక్కడి నుంచే. ఒక్క మెట్టు రాయి పెడితే రెండు బాధలూ తీరతాయి, చూపుకీ కింది టైలుకూ పై చెక్కకూ మధ్య పొందికగా ఉంటుంది. రాయి నోసింగ్ కూడా చెక్క నోసింగ్ ఉన్న గీతలోనే ఉండాలి: కాంక్రీటు ముఖం నుంచి 39 మి.మీ. బయటికి.

రెయిలింగ్ స్తంభాల పాదాలను ఈ దశలోనే కాంక్రీటులో కెమికల్ యాంకర్లతో (రంధ్రంలో జిగురు మందుతో పట్టే బోల్టులు) బిగించారు. చెక్క వేశాక పలకలోంచి రంధ్రం కొట్టి బిగిస్తే స్తంభం ఊపు మొత్తం పలక మీద పడి, రంధ్రం చుట్టూ చీలుతుంది. పలకలో స్తంభానికి తీసే రంధ్రం చుట్టూ 3 మి.మీ. ఖాళీ వదిలి పైన రింగు మూత వేయాలి.

మోర్టార్ ఆరిందో లేదో చేత్తో తాకి చెప్పలేం. ఒకటిన్నర అడుగు చదరపు పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో మూసి, ఒక పగలూ రాత్రీ వదిలి తీస్తే, అడుగున చెమ్మ గానీ కాంక్రీటు ముదురు రంగు గానీ కనిపించకూడదు. పై ఫ్లోరులో రెండు చోట్ల, ల్యాండింగ్ మీద ఒక చోట ఈ పరీక్ష పెట్టారు.

మెట్టు పలకల తయారీ

316 మి.మీ. వెడల్పు పలక ఒకే చెక్కలో తీయాలని ఇంటివాళ్లు ముచ్చటపడతారు. అంత వెడల్పు పలక తప్పకుండా వంగుతుంది. మూడు బద్దలు అతికించిందే నిలకడగా ఉంటుంది. బద్దల కొస చూస్తే వలయాల గీతలు నిలువుగా ఉండేవి ఏరాలి. టేకు వలయాల వెంట, తేమ ఒక్కో శాతానికి సుమారు 0.19 శాతం కదులుతుంది. వలయాలకు అడ్డంగా అయితే 0.10 శాతమే. 316 మి.మీ. పలక 4 శాతం తేమ మార్పుకు మొదటి రకంలో 2.4 మి.మీ. సాగుతుంది, రెండో రకంలో 1.3. పలక వెనక వదిలిన సందు 3 మి.మీ. మాత్రమే కాబట్టి ఈ తేడా చిన్నది కాదు.

టేకులో సహజంగా నూనె ఉంటుంది. చిత్రిక పట్టిన అంచును అసిటోన్ గుడ్డతో తుడిచి, ఆరగానే డీ3 రకం (నీటిని తట్టుకునే) జిగురు పూసి శికంజాలు (అతుకును నొక్కిపట్టే క్లాంపులు) బిగించాలి. పొద్దున చిత్రిక పట్టి సాయంత్రం అతికిస్తే నూనె మళ్లీ పైకి తేలుతుంది, అతుకు తర్వాత విడుతుంది. శికంజాలు తీయగానే పై చిత్రిక పట్టకూడదు. జిగురులోని నీటికి అతుకు దగ్గర చెక్క కాస్త ఉబ్బి ఉంటుంది. అప్పుడే చదును చేస్తే ఆరాక అక్కడ సన్నని గాడి పడి, పాలిష్ మీద వెలుతురు పడినప్పుడు గీతలా కనిపిస్తుంది. ఒకటి రెండు రోజులు ఆగాలి.

ముందు అంచుకు 4 మి.మీ. గుండ్రం. పదునుగా వదిలితే పాలిష్ అక్కడ పలచబడి మొదట అరిగేది అదే. మరీ గుండ్రంగా చేస్తే కాలు జారుతుంది. గోడ లేని ఓపెన్ వైపు కొసకు వేరే బద్దను 45 డిగ్రీల మూలతో అతికించి, కొసన కనబడే నార (చెక్క పోగులు) దాచే పద్ధతి ఉంది. చూడటానికి బాగుంటుంది. కానీ ఆ బద్ద పలక నారకు అడ్డంగా ఉంటుంది, పలక కదులుతుంది, బద్ద కదలదు, మూల విచ్చుకుంటుంది. ఇక్కడ కొసను అలాగే కనబడనిచ్చారు.

గోడ వైపు ప్లాస్టర్ ఏనాడూ నిటారుగా ఉండదు. ప్రతి మెట్టుకూ హార్డ్‌బోర్డు నమూనా కోసి, దాని ప్రకారం పలక కోసి, అడుగున మెట్టు నంబరు వేశారు. 7వ నంబరు పలక 8వ మెట్టుకు సరిపోదు.

బిగింపు వరస కింది నుంచి పైకి: రైజరు, దాని మీద మెట్టు పలక, ఆ పలక వెనక అంచు మీద తర్వాతి రైజరు. రైజరు 12, జిగురు 2, నోసింగ్ 25. కలిపి ముందుకు 39. వెనక కాంక్రీటుకు 3 మి.మీ. ఖాళీ, దాన్ని పై రైజరు కప్పేస్తుంది. రైజరు అడుగును మెట్టు పలకకు జిగురు గానీ మేకు గానీ పెట్టి కలపకూడదు. పలక దాని కింద జారాలి.

జిగురు సాగే రకం, పాలియురెథేన్ లేదా ఎంఎస్ పాలిమర్. 8 మి.మీ. లావు పోగులు 100 మి.మీ. దూరంలో, ముందు నుంచి వెనక్కి. ఈ జిగుర్లు గాలిలో తేమను పీల్చి గట్టిపడతాయి. చుట్టూ గుండ్రంగా పోగు వేసి మూసేస్తే లోపలిది చాలాకాలం పచ్చిగానే ఉంటుంది. 2 మి.మీ. మందం నిలవడానికి నాలుగు మూలలా 2 మి.మీ. ప్లాస్టిక్ ముక్కలు పెట్టారు. ఒక మెట్టుకు సుమారు 110 మి.లీ., రైజరుకు 70. మొత్తం మీద 600 మి.లీ. పొట్లాలు ఆరు చాలు, ఏడు తెచ్చుకుంటే మంచిది. ముందు వరసలో మూడు స్టెయిన్‌లెస్ స్క్రూలు నైలాన్ ప్లగ్గుల్లోకి. తల లోపలికి దింపి, అదే చెక్క బిరడాతో, నార వరసకు కలిపి మూయాలి. వెనక వైపు స్క్రూ వద్దు. ముందు అంచు కదలదు, కదిలేదంతా వెనక రైజరు చాటున జరుగుతుంది.

జిగురు ఆరాక ప్రతి పలకనూ చెక్క సుత్తితో తట్టి చూశారు. గుల్ల చప్పుడు వచ్చిన చోట పలక మీద కాలు వేస్తే ఎప్పటికైనా కిర్రుమంటుంది. అక్కడ సన్నటి రంధ్రం చేసి జిగురు ఎక్కించి, బిరడా కొట్టి, బరువు పెట్టాలి.

పై నోసింగ్

ఈ పలక పొడవు 2280 మి.మీ., ఒకే ముక్క: మెట్లు వచ్చి చేరే 1065, మిగిలింది మెట్లగుంత పక్క రెయిలింగ్ కింద. అతుకు పెడితే అది సరిగ్గా కాలు పడే చోటో, స్తంభం దగ్గరో వస్తుంది. వెడల్పు 110, అందులో 39 బయటికి, 71 స్లాబు మీద.

ముందు మందం మెట్లలాగే 25. పై ఫ్లోరు మొత్తం మందం 32 కాబట్టి దీని అడుగున జిగురు 2 పోను ఇంకా 5 మి.మీ. కావాలి, ఆ పట్టీ మోర్టార్‌తో ముందే లాగి ఉంది. ప్లైవుడ్ స్లాబు అంచు నుంచి 75 మి.మీ. లోపలే ఆగుతుంది. నోసింగ్ వెనక అంచులో గాడి. ఆ గాడి లోతు, ఎత్తు ఫ్లోరు పలకలకు వాడిన మిషన్ కట్టర్‌తోనే తీయాలి. వేరే కట్టర్‌తో తీస్తే పలకకూ నోసింగ్‌కూ మధ్య అర మి.మీ. మెట్టు వచ్చి, ఇసుక కాగితంతో చదును చేసేసరికి నోసింగ్ పైముఖం వాలిపోతుంది.

ఇక్కడ కారిడారు మెట్లకు అడ్డంగా నడుస్తుంది. పలకలు కారిడారు పొడవునా పరిస్తే అవి నోసింగ్‌కూ, మెట్ల పలకలకూ సమాంతరంగా వస్తాయి. కింది మెట్టు నుంచి పై గోడ దాకా నార అంతా ఒకే వైపు. కంటికి ఇంతకంటే పొందిక ఇంకోటి లేదు. మొదటి పలక నాలుకను నోసింగ్ గాడిలో నిండా జిగురుతో కలిపి, అక్కడ కదలకుండా చేసి, పెరిగేదంతా ఎదురు గోడ వైపు పోనివ్వాలి. 1525 మి.మీ. వెడల్పుకు 3 శాతం తేమ మార్పులో 8.5 మి.మీ. దాకా సాగవచ్చు. గోడ దగ్గర 12 మి.మీ. ఖాళీ.

మీ ఇంట్లో మెట్లు కారిడారు కొసన చేరితే పలకల కొసలు నోసింగ్‌కు గుద్దుకుంటాయి. అప్పుడు పద్ధతి వేరు. పలకలు పక్కకు కదులుతాయి, నోసింగ్ తన పొడవులో కదలదు. కొసలన్నీ గాడిలోకి జిగురుతో బిగిస్తే ఏదో ఒకటి చీలుతుంది. కొసల్లోనూ గాడి తీసి, మధ్యలో ప్లైవుడ్ నాలుక పెట్టి, నడిమి మూడు నాలుగు పలకలకే జిగురు రాసి మిగతావి వదిలేయాలి.

ఫిబ్రవరి: ఫ్లోరు

ప్లైవుడ్ ఐఎస్ 710 ముద్ర ఉన్న 12 మి.మీ. బీడబ్ల్యూపీ (మరిగే నీటినీ తట్టుకునే) రకం. ముక్కల మధ్య 3 మి.మీ., గోడల దగ్గర 12 మి.మీ. ఖాళీ. అడుగున పాలిథీన్ షీటు, అతుకుల దగ్గర జానెడు మీదకి. ప్లైవుడ్‌కూ టేకుకూ తేమ తేడా 2 శాతం లోపు ఉందని చూశాకే పరచడం మొదలు.

నాలుక మీద 45 డిగ్రీల వాలుగా కొట్టే మేకు 32 మి.మీ. 38 మి.మీ.ది వాడితే ప్లైవుడ్ దాటి స్లాబుకు తగిలి వంగుతుంది, తల పైకి నిలబడుతుంది, తర్వాతి పలక గాడి దాని మీద కూర్చోదు. మేకుకూ మేకుకూ 200 మి.మీ. వరసల్లో కొస అతుకులు పక్క వరస అతుకు నుంచి కనీసం అడుగు దూరం.

పలకలను పరిచేముందే నేల మీద వరసలుగా పరిచి, ముదురు, లేత ఏరారు. మెట్టు పలకలతో పోలినవి నోసింగ్ దగ్గర మొదటి ఏడెనిమిది వరసలకు. మరీ లేతవి, రేఖలు ఎగుడుదిగుడుగా ఉన్నవి బెడ్‌రూముల్లో మంచాలు, బీరువాలు వచ్చే చోట.

బెడ్‌రూము గుమ్మాల్లో ఫ్లోరు ఆపి, టీ ఆకారం టేకు పట్టీ వేశారు. ఏసీ గదిలో గాలి పొడి, కారిడార్లో కాదు. రెండు చోట్లా చెక్క వేర్వేరుగా కదులుతుంది. పట్టీని ఒక వైపే అతికించాలి. పట్టీ లేకుండా ఏకంగా పోవాలన్న ముచ్చట ఇంజనీర్డ్ చెక్కతో (ప్లై పొరల మీద పలచటి అసలు చెక్క అతికించినది) కొంతవరకు తీరుతుంది, నిండు చెక్కతో తీరదు.

ఇంజనీర్డ్ చెక్క ప్రస్తావన వచ్చింది కాబట్టి: ఫ్యాక్టరీ పాలిష్ ఉన్న పలకలు తీసుకునేవాళ్లు నోసింగులూ, మెట్టు ముక్కలూ అదే కంపెనీ నుంచి, అదే ఆర్డరులో తెప్పించుకోండి. ఆ పై పూత యూవీ వెలుతురులో గట్టిపరిచింది, చాలా వాటిలో అల్యూమినియం ఆక్సైడ్ ఉంటుంది. సైటులో బ్రష్షుతో వేసే ఏ పాలిషూ ఆ మెరుపుకు, ఆ స్పర్శకు రాదు. రంగు కలిసినా పక్కవాటు వెలుతురులో తేడా పట్టిస్తుంది.

రంగు, పాలిష్

చిత్రిక పట్టిన కొత్త టేకు పచ్చగా, చారలు చారలుగా ఉంటుంది. వెలుతురు తగిలాక కొన్ని వారాల్లో ఆ పచ్చదనం పోయి బంగారు గోధుమ రంగు తేలుతుంది. ఆ మొదటి రోజుల్లో రంగు తేడా చూసి స్టెయిన్ వేయించుకున్నవాళ్లకు, తర్వాత రంగు అనుకున్నదానికంటే బాగా ముదురుతుంది. నమూనా పలక ఒకటి సగం నల్ల కాగితంతో కప్పి వరండాలో పెట్టి, చెక్క పని సాగినంతకాలం వదిలేశారు. కాగితం తీశాక రెండు సగాలూ చూసి ఇంటివాళ్లు స్టెయిన్ వద్దన్నారు. మంచి నిర్ణయం.

ఫ్లోరును మిషన్‌తో, మెట్లను చేతి మిషన్‌తో రుద్దుతారు. గరుకు ఒకేలా ముగియాలి: రెండింటికీ 60, 80, 120 నంబరు ఇసుక కాగితాలు. ఫ్లోరు 120 దగ్గర ఆపి, మెట్లను నున్నగా ఉండాలని 220 దాకా రుద్దితే ఒకే పాలిష్ రెండు రకాలుగా పీలుస్తాయి, మెట్లు లేతగా కనబడతాయి. కనిపించే కొసనార ఒక్కటే మినహాయింపు. అది ఎక్కువ పీల్చి నల్లబడుతుంది కాబట్టి దాన్ని మాత్రం 240 దాకా తీసుకెళ్లాలి.

మన దగ్గర తలుపులకు వేసే మెలమైన్ పాలిష్ మెట్లకు వద్దు. నడకకు పగిలి తెల్ల గీతలు పడుతుంది. ఫర్నిచర్‌కు వేసే పీయూ (పాలియురెథేన్) కూడా కాదు. ఫ్లోరు కోసమే చేసిన రెండు భాగాల పీయూ, సాటిన్ మెరుపు, మెట్లకూ ఫ్లోరుకూ ఒకే బ్యాచ్ నంబరు. పూత వేసే వైశాల్యం 49 చదరపు మీటర్లు. సీలరు (అడుగు పూత) ఒకటి, పైపూతలు రెండు. లీటరుకు 9 చదరపు మీటర్ల చొప్పున 16 లీటర్లు. ప్రతి డబ్బానూ అడుగు నుంచి నెమ్మదిగా కలపాలి. మెరుపు తగ్గించే పొడి అడుగున పేరుకుంటుంది. కలపకుండా పైది పోస్తే కొన్ని మెట్లు అద్దంలా మెరుస్తూ, కొన్ని మాసినట్టుగా వస్తాయి.

టేకు నూనె పాలిష్‌ను ఆరనివ్వదు. సీలరుకు ముందు థిన్నర్ గుడ్డతో తుడవడం తప్పనిసరి. తెల్లవారుజామున మంచు ఉన్నప్పుడు, గాలిలో తేమ 80 శాతం దాటినప్పుడు పూత వేయలేదు. గట్టిపరిచే భాగం తేమతో కలిసి బుడగలు లేస్తుంది. ఫ్యాన్లు ఆపి, పొద్దెక్కాక మొదలుపెట్టి, పై నుంచి కిందికి. మొదట బేసి మెట్లు, అవి నడవగలిగేంత ఆరాక సరి మెట్లు. చివరి పూత శివరాత్రికి ముందురోజు ముగిసింది. పనివాళ్లు కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లారు, ఆ ఖాళీలో పూత ఎవరి కాలూ పడకుండా గట్టిపడింది. సామాను వారం దాటాక పెట్టాలి. చాపలు, కార్పెట్లు ఇంకా ఆలస్యంగా, లేకపోతే వాటి కింద చెక్క లేతగా మిగిలి మచ్చ తేలుతుంది.

మిగిలినవి

రైజర్లు మళ్లీ కొలిచారు: కనిష్ఠం 158, గరిష్ఠం 161. పక్కపక్క మెట్ల మధ్య తేడా ఎక్కడా 2 మి.మీ. దాటలేదు. మొదటిది 159, చివరిది 160.

స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ) 15 మి.మీ. మందం, మేకులు గోడకే. ఫ్లోరుకు కొడితే 12 మి.మీ. ఖాళీ వదిలిన ప్రయోజనం పోతుంది. ఆ ఖాళీల్లో పడిన మోర్టార్ ముక్కలు, రంపపు పొట్టు వ్యాక్యూమ్‌తో తీశాకే స్కర్టింగ్ మూయాలి. రెయిలింగ్ కమ్మీల మధ్య సందు 100 మి.మీ. లోపు, చేతికమ్మి ఎత్తు మెట్ల మీద 900, పైన 1000.

కారిడారు ఎదురు గోడ దగ్గర రెండు చోట్ల స్కర్టింగ్ ముక్కలను స్క్రూలతో విప్పుకునేలా ఉంచారు. సెప్టెంబరులో ఒకసారి, మే నెలలో ఒకసారి అక్కడ ఖాళీ కొలవాలి. వానల్లో అది 4 మి.మీ. కంటే తగ్గిందంటే వెంటనే స్కర్టింగ్ తీసి, ఆ అంచు పలకను 5 మి.మీ. కోసేయాలి. పలకలు లేచేదాకా ఆగితే నోసింగ్ దగ్గర అతుకు తెగుతుంది.